ఇంటర్మీడియట్ మార్కులు – కళాశాల ప్రవేశ అర్హత

ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన పన్నెండో తరగతి పరీక్షలో వచ్చే మార్కులు భారతదేశంలో డిగ్రీ, వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాలకు తొలి కొలమానం. ప్రవేశ నోటిఫికేషన్లలో ఈ పరీక్షను ‘అర్హత పరీక్ష’ అంటారు. ఇందులో మార్కులు తగ్గితే విద్యార్థి మూడు విధాలుగా నష్టపోవచ్చు. కోర్సు కోరే కనీస శాతం అందకపోతే ప్రవేశానికి అర్హతే ఉండదు. ఇంటర్ మార్కులకు వెయిటేజీ ఉన్న చోట ప్రవేశ పరీక్ష ర్యాంకు వెనక్కి పోతుంది. మార్కులనే ప్రాతిపదికగా సీట్లిచ్చే చోట మెరిట్ జాబితాలో స్థానం దిగజారుతుంది. ఒకే మార్కుల జాబితా ఒక కోర్సుకు సరిపోయి మరో కోర్సుకు సరిపోకపోవడానికి కారణం ఈ మూడు నిబంధనలూ వేర్వేరు చోట్ల వేర్వేరుగా అమలు కావడమే. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విధానాలను, ఆ రాష్ట్రాల విద్యార్థులు ఎక్కువగా పోటీపడే జాతీయ స్థాయి ప్రవేశాలను వివరిస్తుంది.

పరిభాష

గ్రూపు మార్కులు: భాషలను మినహాయించి, విద్యార్థి ఎంచుకున్న గ్రూపు సబ్జెక్టుల్లో వచ్చినవి. ఎంపీసీలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం; బైపీసీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఈ లెక్కలోకి వస్తాయి.

అగ్రిగేట్: భాషలతో సహా నిబంధన పేర్కొన్న సబ్జెక్టులన్నింటి మొత్తం.

వెయిటేజీ: ప్రవేశ పరీక్ష మార్కులతో పాటు ఇంటర్ మార్కులకు కూడా ర్యాంకు లెక్కలో ఇచ్చే వాటా.

పర్సెంటైల్: ఒక బోర్డు విద్యార్థుల్లో ఎంత శాతం మంది కంటే ముందున్నారో చెప్పే స్థానం. ఇది మార్కుల శాతం కాదు. ‘టాప్ 20 పర్సెంటైల్’ అంటే ఆ బోర్డులో ఉత్తీర్ణులైన వారిలో పై ఐదో వంతు.

కటాఫ్: ఒక కళాశాలలో, ఒక కోర్సులో సీటు దక్కిన చివరి విద్యార్థి మార్కు లేదా ర్యాంకు. కనీస అర్హత ముందే ప్రకటించే నిబంధన. కటాఫ్ మాత్రం ఆ ఏటి పోటీని బట్టి తేలుతుంది.

చారిత్రక నేపథ్యం

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఇంటర్మీడియట్ విశ్వవిద్యాలయాల పరిధిలోని రెండేళ్ల చదువు. తర్వాత దాని స్థానంలో ఏడాది వ్యవధి గల పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) వచ్చింది. 1969–70లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను ప్రవేశపెట్టింది. 1971 నాటి ఇంటర్మీడియట్ విద్యా చట్టం ఈ పరీక్షల నిర్వహణను ప్రత్యేక బోర్డుకు అప్పగించింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణకు వేరే బోర్డు ఏర్పడింది.

ప్రవేశాల నియంత్రణకు, క్యాపిటేషన్ ఫీజు నిషేధానికి ఉమ్మడి రాష్ట్రం 1983లో చట్టం చేసింది. 1986లో ఇంజినీరింగ్, వ్యవసాయ, వైద్య కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్షగా ఎంసెట్ మొదలైంది. ఇంజినీరింగ్, వైద్య సీట్లకు పోటీ ఎంసెట్ ర్యాంకు చుట్టూ తిరగడం మొదలయ్యాక ఇంటర్ మార్కుల పాత్ర చాలావరకు కనీస అర్హతకే పరిమితమైంది. తర్వాతి కాలంలో గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇవ్వడంతో వాటి ప్రాధాన్యం మళ్లీ పెరిగింది. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్ల భర్తీ జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ పరిధిలోకి వెళ్లాక ఈ పరీక్ష పేరు కూడా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దీన్ని ఈఏపీసెట్ అంటున్నారు.

మార్కులు, గ్రేడ్లు

రెండు రాష్ట్రాల్లో దశాబ్దాలుగా నడిచిన పద్ధతిలో ఇంటర్మీడియట్ మొత్తం మార్కులు 1000. ఎంపీసీలో మొదటి సంవత్సరానికి 470, ప్రయోగ పరీక్షలతో కలిపి రెండో సంవత్సరానికి 530 ఉంటాయి. బైపీసీలో ఇవి 440, 560. సీఈసీ, హెచ్ఈసీ వంటి గ్రూపుల్లో ఏడాదికి 500 చొప్పున ఉంటాయి. ఎంపీసీలో గణితానికి 300, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 150 పోను మిగిలిన 400 ఇంగ్లిషుకు, ద్వితీయ భాషకు చెందుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 నుంచి మొదటి సంవత్సరంలో గణితం ఏ, బీ పేపర్లను ఒకటి చేయడం, వృక్ష, జంతు శాస్త్రాలను ఒకే పేపరులోకి తేవడం వంటి మార్పులు మొదలయ్యాయి.

ఉత్తీర్ణతకు ప్రతి పేపరులో 35 శాతం రావాలి. మొత్తం 750 లేదా అంతకు మించితే ఏ గ్రేడు, 600 నుంచి 749 వరకు బీ, 500 నుంచి 599 వరకు సీ, 350 నుంచి 499 వరకు డీ గ్రేడు ఇస్తారు. డీ గ్రేడు కూడా ఉత్తీర్ణతే. అయితే ప్రవేశ నిబంధనలు సాధారణంగా గ్రేడును కాక శాతాన్నే చూస్తాయి. ఆ శాతాన్ని ఏ సబ్జెక్టుల మీద లెక్కిస్తారన్నది కోర్సును బట్టి మారుతుంది.

ప్రభావం పనిచేసే తీరు

1. కనీస అర్హత

రాష్ట్ర కోటాలో బీటెక్ ప్రవేశానికి గ్రూపు సబ్జెక్టులన్నీ కలిపి ఓసీ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. ఈ నిబంధన భాషలను లెక్కలోకి తీసుకోదు. ఉదాహరణకు ఒక ఎంపీసీ విద్యార్థికి ఇంగ్లిషు, సంస్కృతం కలిపి 400కు 370, గ్రూపు సబ్జెక్టుల్లో 600కు 260 వచ్చాయనుకుంటే మొత్తం 630 మార్కులతో బీ గ్రేడు వస్తుంది. గ్రూపు శాతం మాత్రం 43.3. ఈ విద్యార్థి ఓసీ వర్గానికి చెందితే ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా బీటెక్ సీటుకు అర్హత ఉండదు. రిజర్వుడు వర్గానికి చెందితే ఉంటుంది. స్కోరింగ్ సబ్జెక్టుగా పేరున్న సంస్కృతాన్ని ద్వితీయ భాషగా తీసుకోవడం కార్పొరేట్ కళాశాలల్లో సాధారణం. అది మొత్తం మార్కులను పెంచుతుంది కానీ గ్రూపు మార్కుల కొరతను పూడ్చలేదు.

ఐఐటీలు, ఎన్ఐటీల నిబంధన ఇందుకు భిన్నం. అక్కడ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, ఒక భాష, మరో సబ్జెక్టు కలిపి ఐదింటి అగ్రిగేట్ చూస్తారు. ఒక్కో సబ్జెక్టును వందకు కుదించి లెక్కిస్తారు. మూడు గ్రూపు సబ్జెక్టుల్లోనూ 80 శాతం తెచ్చుకున్న విద్యార్థికి రెండు భాషల్లోనూ 55 శాతమే వస్తే అగ్రిగేట్ 70 శాతం వద్ద ఆగుతుంది. రాష్ట్ర కోటా బీటెక్‌కు ఏ అడ్డంకీ లేని ఈ మార్కులు ఓసీ అభ్యర్థికి ఐఐటీలు కోరే 75 శాతానికి చాలవు.

2. వెయిటేజీ

ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వాటా ఇచ్చి ర్యాంకు నిర్ణయించే పద్ధతి ఉంది. పరీక్ష 160 మార్కులకు జరుగుతుంది. ఒక విద్యార్థికి పరీక్షలో 80, గ్రూపులో 600కు 540 వస్తే ఉమ్మడి స్కోరు 37.5, 22.5 కలిపి 60 అవుతుంది. మరో విద్యార్థికి పరీక్షలో 86, గ్రూపులో 420 వస్తే 40.31, 17.5 కలిపి 57.81 మాత్రమే. ప్రవేశ పరీక్షలో ఆరు మార్కులు ఎక్కువ వచ్చినా రెండో విద్యార్థి ర్యాంకులో వెనకపడతాడు. ఈ లెక్కలో గ్రూపు మార్కుల్లో 120 తగ్గడం ప్రవేశ పరీక్షలో సుమారు 10.7 మార్కులు తగ్గడంతో సమానం.

తెలంగాణ కోవిడ్ కాలంలో నిలిపివేసిన వెయిటేజీని 2023లో పూర్తిగా రద్దు చేసింది. అక్కడ ఇంటర్ మార్కులు కనీస అర్హతకే ఉపయోగపడతాయి. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది వెయిటేజీని పునరుద్ధరించింది. ఫలితంగా ఒకే రకమైన మార్కుల ప్రభావం రెండు రాష్ట్రాల్లో వేర్వేరుగా ఉంటుంది.

జాతీయ స్థాయిలో 2013 నుంచి 2016 వరకు ఎన్ఐటీల ప్రవేశానికి జేఈఈ మెయిన్ ర్యాంకులో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది. బోర్డుల మధ్య మార్కుల తేడాను సరిచేయడానికి నార్మలైజేషన్ పద్ధతి పాటించేవారు. 2017 నుంచి ఈ వెయిటేజీని తొలగించారు.

3. మెరిట్ క్రమం

ప్రవేశ పరీక్ష లేని కోర్సుల్లో మార్కులే ర్యాంకు. తెలంగాణలో బీఏ, బీకాం, బీఎస్సీ వంటి డిగ్రీ సీట్లను 2016లో మొదలైన దోస్త్ ఆన్‌లైన్ విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా ఇంటర్ మార్కులు, రిజర్వేషన్లు, విద్యార్థి ఇచ్చిన ఐచ్ఛికాల క్రమం ఆధారంగా కేటాయిస్తారు. ఇక్కడ తక్కువ మార్కులు చదువును మూసివేయవు. గిరాకీ ఉన్న కళాశాలను, కోర్సును దూరం చేస్తాయి.

మెరిట్ క్రమం తీవ్రత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో స్పష్టంగా కనిపించింది. 2021లో అక్కడి కొన్ని కళాశాలల్లో కొన్ని ఆనర్స్ కోర్సుల తొలి కటాఫ్ 100 శాతానికి చేరింది. 2022 నుంచి ఆ విశ్వవిద్యాలయం సీయూఈటీ ప్రవేశ పరీక్ష స్కోరుతో ప్రవేశాలు జరుపుతోంది.

కోర్సుల వారీ నిబంధనలు

ఐఐటీలు: 2006 నుంచి పన్నెండో తరగతిలో 60 శాతం అవసరమయ్యేది. 2013లో ఐఐటీల ప్రవేశ పరీక్షగా జేఈఈ అడ్వాన్స్‌డ్ వచ్చినప్పుడు బోర్డులో టాప్ 20 పర్సెంటైల్ నిబంధన పెట్టారు. మార్కులు ఉదారంగా పడే బోర్డుల్లో ఈ గీత చాలా ఎత్తులో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బోర్డులో జనరల్ కటాఫ్ 90 శాతం దాటింది. తర్వాత దీనికి ప్రత్యామ్నాయంగా కనీస శాతాన్ని చేర్చారు. ప్రస్తుతం 75 శాతం, లేదా టాప్ 20 పర్సెంటైల్, రెండింటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 65 శాతం.

ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు: ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా బీటెక్ సీటు పొందడానికి ఇదే నిబంధన. జేఈఈ మెయిన్ రాయడానికి మాత్రం ఈ శాతం అక్కర్లేదు. సీటు కేటాయింపు దశలోనే దీన్ని పరిశీలిస్తారు.

బిట్స్ పిలానీ: 2005లో బిట్‌శాట్ మొదలయ్యే ముందు వరకు బోర్డు మార్కుల ఆధారంగానే ప్రవేశాలు జరిగేవి. బిట్‌శాట్ వచ్చాక భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితంలో కలిపి 75 శాతం, ఒక్కో సబ్జెక్టులో 60 శాతం కనీస అర్హతగా కొనసాగింది. హైదరాబాద్ క్యాంపస్‌కూ ఇదే వర్తిస్తుంది. మొత్తం శాతం బాగున్నా ఒక్క సబ్జెక్టులో మార్కులు తగ్గితే అర్హత పోయే విధానం ఇది.

వైద్యం: 1997 నాటి వైద్య విద్యా నిబంధనలు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం నిర్దేశించాయి. ఇంగ్లిషులో ఉత్తీర్ణత కూడా తప్పనిసరి. సీటు నీట్ ర్యాంకుతోనే నిర్ణయమవుతుంది. ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు. కనీస శాతాలు కాలక్రమంలో సవరణకు గురవుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషనే ప్రమాణం.

న్యాయవిద్య: ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతాయి. రెండు రాష్ట్రాల లాసెట్‌లు వీటినే పాటిస్తాయి.

ఉపాధ్యాయ శిక్షణ: డీఈఈసెట్ ద్వారా జరిగే డీఎల్ఈడీ ప్రవేశాలకు ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 45 శాతం అవసరం.

శాతం కోరనివి: నేషనల్ డిఫెన్స్ అకాడమీకి, సీఏ ఫౌండేషన్‌కు ఇంటర్ ఉత్తీర్ణత సరిపోతుంది. ఎన్‌డీఏలో నౌకా, వైమానిక విభాగాలకు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం చదివి ఉండాలి.

పదో తరగతి ఆధారంగా: బాసర, నూజివీడు తదితర ట్రిపుల్ ఐటీల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. వీటిలో ఆరేళ్ల సమీకృత కోర్సుకు పదో తరగతి ప్రతిభ ఆధారంగా సీట్లు ఇస్తారు. గ్రేడ్ల పద్ధతి ఉన్న కాలంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల విద్యార్థుల గ్రేడు పాయింట్ల సగటుకు 0.4 కలిపేవారు. సౌకర్యాల కొరత వల్ల తగ్గిన మార్కులను ప్రవేశ సమయంలో సర్దుబాటు చేసే నిబంధనకు ఇది ఉదాహరణ.

మార్కులు సవరించుకునే మార్గాలు

రీకౌంటింగ్, రీవెరిఫికేషన్: మొదటిదానిలో మార్కుల కూడికను మాత్రమే సరిచూస్తారు. రెండోదానిలో దిద్దని జవాబులేమైనా ఉన్నాయేమో పరిశీలించి, జవాబుపత్రం నకలు ఇస్తారు. ఫలితాల తర్వాత బోర్డు ప్రకటించిన గడువులోగా ఫీజు చెల్లించి దరఖాస్తు చేయాలి.

అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ: తప్పిన సబ్జెక్టులను వేసవిలోనే రాసి, అదే విద్యా సంవత్సరంలో కౌన్సెలింగ్‌కు వెళ్లే వీలు కల్పించే పరీక్ష. ఫలితాలు ఆలస్యమైతే మొదటి విడత సీట్ల కేటాయింపు తప్పిపోయే ప్రమాదం ఉంటుంది.

బెటర్‌మెంట్: ఉత్తీర్ణులైన వారు మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసే అవకాశం. దీన్ని ఇంప్రూవ్‌మెంట్ అని కూడా అంటారు. మొదటి సంవత్సరం విద్యార్థులు ఎక్కువగా వాడుకుంటారు. రెండింటిలో మెరుగైన మార్కులనే పరిగణిస్తారు. ఏ సంవత్సరం వారికి, ఎన్నిసార్లు ఈ అవకాశం ఇవ్వాలన్నది బోర్డు నిబంధనలను బట్టి ఉంటుంది.

ప్రత్యామ్నాయ మార్గాలు

పాలీసెట్, ఈసెట్: పదో తరగతి తర్వాత పాలీసెట్ ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరి పూర్తి చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ దారిలో ఇంటర్ మార్కుల ప్రసక్తి ఉండదు. అయితే డిప్లొమాలో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి.

సార్వత్రిక విద్య: ఎన్ఐఓఎస్, రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు ఇచ్చే ఇంటర్ ధ్రువపత్రాలకు గుర్తింపు ఉంది. రెగ్యులర్ చదువు మధ్యలో ఆగినవారికి ఇవి ఉపయోగపడతాయి.

ఒకేషనల్, బ్రిడ్జి కోర్సు: ఒకేషనల్ ఇంటర్ చదివినవారు సంబంధిత బ్రిడ్జి కోర్సు పూర్తి చేసి సాధారణ డిగ్రీ కోర్సులకు అర్హత పొందవచ్చు.

యాజమాన్య కోటా: ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో కన్వీనర్ (రాష్ట్ర) కోటాకు వెలుపలి సీట్లు. మంచి ర్యాంకు లేనివారికీ సీటు దొరకవచ్చు గానీ కోర్సుకు నిర్దేశించిన కనీస ఇంటర్ శాతం ఇక్కడా వర్తిస్తుంది.

కోవిడ్ కాలపు సడలింపులు

2021లో రెండు రాష్ట్రాలూ ఇంటర్ రెండో సంవత్సర పరీక్షలను రద్దు చేశాయి. తెలంగాణ మొదటి సంవత్సరం మార్కులనే రెండో సంవత్సరానికీ వేసింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరానికి 70 శాతం వాటాతో మార్కులిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ ఆలస్యంగా నిర్వహించిన మొదటి సంవత్సర పరీక్షలో సగం మంది కూడా ఉత్తీర్ణులు కాకపోవడంతో, తప్పినవారందరికీ కనీస మార్కులు కలిపి పాస్ చేశారు. ఐఐటీలు, ఎన్ఐటీలు 2020 నుంచి 2022 వరకు 75 శాతం నిబంధనను పక్కనబెట్టి, 2023లో పునరుద్ధరించాయి.

అమెరికాలో పోల్చదగిన విధానం

తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో ఒక్క ముగింపు పరీక్షకు బదులు హైస్కూలు కోర్సుల గ్రేడ్లను చూస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నిర్దేశించిన 15 సన్నాహక కోర్సుల్లో సీ లేదా అంతకు మించిన గ్రేడు రావాలి. రాష్ట్ర నివాసులకు గ్రేడు సగటు 3.0, బయటివారికి 3.4 ఉండాలి. డీ వస్తే పాఠశాల లెక్కలో ఉత్తీర్ణతే అయినా విశ్వవిద్యాలయ లెక్కలో ఆ కోర్సు పూర్తయినట్టు కాదు. ఆ కోర్సును మళ్లీ చదివి గ్రేడు పెంచుకోవచ్చు. గణితం, ఇంగ్లిషు కాని ఇతర భాషల్లో అయితే పై స్థాయి కోర్సులో సీ తెచ్చుకుంటే కింది కోర్సు లోపం భర్తీ అయినట్టు పరిగణిస్తారు. కింది మెట్టు లోపాన్ని పై మెట్టుతో మాఫీ చేసే ఇలాంటి ఏర్పాటు ఇంటర్మీడియట్ విధానంలో లేదు. రెండో సంవత్సరం గణితంలో ఎన్ని మార్కులు వచ్చినా మొదటి సంవత్సరం పేపరు తప్పితే దాన్ని మళ్లీ రాయాల్సిందే.

వాదోపవాదాలు

వెయిటేజీని సమర్థించేవారు అది లేకపోతే విద్యార్థులు బోర్డు సిలబస్‌ను నిర్లక్ష్యం చేస్తారని, మూడు గంటల పరీక్ష ఒక్కటే రెండేళ్ల చదువును కొలవలేదని అంటారు. వ్యతిరేకించేవారు బోర్డుల మధ్య మూల్యాంకనంలో ఉన్న తేడాలను, ప్రయోగ పరీక్షల్లో దాదాపు అందరికీ పూర్తి మార్కులు పడటాన్ని ఎత్తిచూపుతారు. కనీస శాతంపైనా ఇలాంటి చర్చే ఉంది. ప్రవేశ పరీక్షలో ప్రతిభ చూపినవారిని బోర్డు మార్కులతో ఆపడం తగదన్నది ఒక వాదన. పునాది లేని విద్యార్థులు వృత్తివిద్యలో బ్యాక్‌లాగులతో సతమతమవుతారన్నది మరో వాదన.

మూల్యాంకన విశ్వసనీయత 2019లో తెలంగాణలో తీవ్ర వివాదమైంది. ఫలితాల్లో పొరపాట్లు దొర్లాయి. 99 మార్కులు రావాల్సిన పేపరులో సున్నా పడిన ఉదంతం కూడా అందులో ఉంది. ఫలితాల తర్వాత పలువురు విద్యార్థుల ఆత్మహత్యలు ఆందోళనకు దారితీశాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, తప్పిన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబుపత్రాలకు ఉచితంగా రీవెరిఫికేషన్ జరిపించింది. ఫలితాల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులు 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రాన్ని 14416 నంబరులో సంప్రదించవచ్చు.

ప్రాముఖ్యం

ఇంటర్ మార్కుల ప్రభావం ప్రవేశంతో ముగియదు. కళాశాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఒక ఉపకార వేతన పథకం బోర్డులో 80వ పర్సెంటైల్‌కు పైన ఉన్నవారికే వర్తిస్తుంది. ప్రాంగణ నియామకాలకు వచ్చే ఐటీ సంస్థల్లో పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం కోరేవి చాలానే ఉన్నాయి. బీటెక్‌లో ప్రతిభ చూపినా ఇంటర్ శాతం వల్ల ఇలాంటి సంస్థల రాత పరీక్షకు అవకాశం పోవచ్చు.

నిబంధనలన్నీ కలిపి చూస్తే, తక్కువ మార్కుల ఫలితం మొత్తం ఎంతన్న దానికంటే అవి ఏ సబ్జెక్టులో తగ్గాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. భాషల్లో తగ్గితే ఐఐటీ, ఎన్ఐటీ అగ్రిగేట్‌కు, డిగ్రీ మెరిట్‌కు నష్టం. గ్రూపులో తగ్గితే రాష్ట్ర కోటా వృత్తివిద్యా సీట్లకు నష్టం. ఒక్క సబ్జెక్టులో తగ్గినా బిట్స్ వంటి సంస్థలకు దూరం కావచ్చు. ఒక్క పేపరు తప్పితే, దాన్ని పూర్తిచేసేవరకు ఇంటర్ ఉత్తీర్ణత కోరే ఏ కోర్సులోనూ ప్రవేశం ఉండదు. బెటర్‌మెంట్ రాయాలా, ఏ సబ్జెక్టులో రాయాలా అన్నది చేరదలచిన కోర్సు నిబంధనను చూసి నిర్ణయించుకోవాల్సిన విషయం.